ఎప్పుడొచ్చింది?

నాన్నకి కిడ్నీ జబ్బుందని తెలిసిన వారంలో మా పటమట ఇంటికి వచ్చినవాళ్ళంతా ఒకటే ప్రశ్న అడిగారు. కంకిపాడు నుంచి వచ్చిన మేనత్తయితే చెప్పులు విప్పుతూనే అడిగింది: “ఎప్పుడొచ్చింది అన్నయ్యా?” పక్క పోర్షన్ ఆయనా అదే అడిగాడు. ఆటోనగర్‌లో నాన్నతో పాతికేళ్ళు కలిసి పనిచేసినవాళ్ళూ అదే అడిగారు. నాన్న ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు చెప్పాడు. ఒకరికి “మొన్న మార్చిలో”. ఇంకొకరికి “కరోనా తర్వాత”. అత్తయ్యకి మాత్రం కాసేపు ఆలోచించి, “అదే తెలీట్లేదమ్మా” అన్నాడు.

అందరూ వెళ్ళిపోయాక కూడా ఆ ప్రశ్న ఇంట్లోనే ఉండిపోయినట్టు అనిపించింది నాకు.

తెలుగులో జబ్బు ‘వస్తుంది’. జ్వరం వస్తుంది, దగ్గు వస్తుంది, కామెర్లు వస్తాయి. వచ్చిందంటే దానికో రోజుంటుంది. వచ్చింది పోవాలి కూడా. షుగర్‌నీ బీపీనీ కూడా మనం ఇదే క్రియకి తగిలించేశాం. పత్రికల్లో రాసే ‘దీర్ఘకాలిక వ్యాధి’ అనే మాటని మా ఇంట్లో ఎవరైనా నోటితో పలకగా నేను వినలేదు. “షుగర్ వచ్చింది గానీ తగ్గిపోయింది” అనటం మాత్రం చాలాసార్లు విన్నాను. బిళ్ళ వేసుకుంటున్నారు కాబట్టి తగ్గింది. తగ్గింది కాబట్టి బిళ్ళ మానేస్తారు.

బీపీది ఇంకో కథ. మన మాటల్లో బీపీ అంటే కోపం. “నాకు బీపీ తెప్పించకు” అంటాం. 2018లో ఒకసారి నాన్నకి 150/94 ఉందని చెబితే ఆయన నవ్వేశాడు. “జన్మలో ఎవరిమీదా అరవని మనిషికి బీపీ ఏంట్రా?” అన్నాడు. నేనూ నవ్వాను. నిజంగానే నాన్న ఎవరిమీదా అరవడు.

ఆ నవ్వు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

*

నాన్న పద్ధతైన మనిషి. లారీ స్పేర్ పార్టుల షాపులో లెక్కలు రాసిన అలవాటు. రక్తపరీక్ష చేయించుకున్న ప్రతిసారీ రిపోర్టుని తారీకు వరసలో ఒక పచ్చ ఫైల్లో పెట్టుకున్నాడు. 2013 నుంచి 2023 దాకా, రెండేళ్ళకొకటో మూడేళ్ళకొకటో. రెండో, మూడో ల్యాబులవి. అత్తయ్య వచ్చి వెళ్ళిన రాత్రి ఆ ఫైలు ముందేసుకుని కూర్చున్నాను.

పుస్తకాల మీద వ్యాసాలు రాసే అలవాటున్నవాణ్ణి. ఒక రచయిత పదేళ్ళలో రాసిన కథల్ని వరసపెట్టి చదివితే, విడివిడిగా చదివినప్పుడు కనపడని విషయాలు కనపడతాయని నేనే ఎక్కడో రాశాను కూడా. మా నాన్న ఫైల్ని అలా చదవాలని నాకు పదేళ్ళలో ఒక్కసారీ తోచలేదు.

క్రియాటినిన్ అనే వరస ఒకటుంటుంది. కండరాలు పనిచేసేటప్పుడు తయారయ్యే వ్యర్థం అది. కిడ్నీలు దాన్ని వడకట్టి బయటికి పంపిస్తాయి. వడపోత తగ్గితే రక్తంలో అది పెరుగుతుంది. నాన్న రిపోర్టుల్లో 2013లో 0.9. 2017లో 1.1. 2020లో 1.3. 2023 మార్చిలో 1.9. ల్యాబువాళ్ళు పక్కన వేసిన నార్మల్ హద్దు 0.7 నుంచి 1.3 దాకా. అంకె హద్దు దాటితే లావు అక్షరాల్లో వేస్తారు. నాన్న ఫైల్లో క్రియాటినిన్ లావు అక్షరాల్లోకి వచ్చింది ఒక్క 2023లోనే.

ఈ అంకెని బట్టి, వయసుని బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి కిడ్నీలు నిమిషానికి ఎంత వడపోస్తున్నాయో లెక్కగట్టే సూత్రం ఉంది. ఈజీఎఫ్ఆర్ అంటారు. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2021లో సవరించింది. దాంతో పాత అంకెలన్నిటినీ మళ్ళీ లెక్కేశాను. 2013లో దాదాపు 100. 2017లో 76. 2020లో 61. 2023లో 38.

61 దగ్గర కూడా రిపోర్టు మామూలు అక్షరాల్లోనే ఉంది. పోయిన 39లో కొంత వయసు తీసుకునేదే, ఎవరికైనా తగ్గుతుంది. కానీ ఏడేళ్ళలో అంతా వయసే తీసుకెళ్ళదు. ఆ రిపోర్టు కింద ‘అన్నీ నార్మల్’ అని పెన్నుతో రాసి ఉంది. అది నా చేతిరాత. పీడీఎఫ్ ఫోన్‌కి వస్తే చదివి, లావు అక్షరాలు ఏవేవి ఉన్నాయో చూసి, అమ్మకి ఫోన్ చేసి షుగర్ ఒక్కటే కొంచెం ఎక్కువుందని, మిగతావన్నీ నార్మల్ అని చెప్పాను. తర్వాత పండక్కి వచ్చినప్పుడు కాగితం మీద కూడా రాసి పెట్టాను.

నా ఉద్యోగమే ఇలాంటివి చూడటం. సర్వర్లో డిస్క్ 90 శాతం నిండితే మెసేజ్ వస్తుంది. అప్పటిదాకా ఎవరూ చూడరు. వారానికి ఒక శాతం చొప్పున నిండుతూ 70కి వచ్చిందంటే ఇంకో 20 వారాల్లో గొడవేనని గ్రాఫు చూసిన ఎవరికైనా తెలుస్తుంది. గ్రాఫు చూడాలి, అంతే. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి ఈ పాఠం నేనే చెబుతుంటాను.

*

“నాకేం బాధ లేదు కదరా మరి?” అన్నాడు నాన్న. ఆయనకి అన్నిటికంటే అర్థం కానిది ఇదే. కాళ్ళ వాపు లేదు, ఆయాసం లేదు, ఒంటేలు మామూలుగానే వస్తోంది. జబ్బుంటే తెలియాలి కదా?

ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గొట్టాలుంటాయి. కొన్ని పాడైతే మిగిలినవి ఆ పని కూడా పంచుకుంటాయి. అందుకే సగం పోయినా మనిషికి తెలియదు. అలా ఎక్కువ పని చేసినవి త్వరగా అరిగిపోతాయి. పాడైనవి మళ్ళీ పుట్టవు. వాపు, ఆయాసం, వికారం, దురద లాంటివి కనపడేసరికి చాలామందిలో చాలా భాగం అయిపోయి ఉంటుంది.

షుగర్ పేరులోనే ఈ తిరకాసుంది. మధుమేహం అంటే తియ్యటి మూత్రం. చీమలు పట్టటాన్ని గుర్తుగా చెప్పుకున్న రోజుల నాటి పేరు. కానీ సాధారణంగా రక్తంలో చక్కెర సుమారు 180 దాటితేగానీ మూత్రంలోకి దిగదు. పరగడుపున 126 ఉంటే షుగర్ అని ఇవాళ నిర్ధారిస్తున్నారు. 126కీ 180కీ మధ్య చీమలు రావు. దాహం ఉండదు, రాత్రిళ్ళు లేవటం ఉండదు. మనిషి ఆ మధ్యలో ఏళ్ళ తరబడి హాయిగా ఉండొచ్చు.

ఇదంతా నాన్నకి చెప్పటానికి తంటాలు పడుతుంటే ఆయనే అందుకున్నాడు.

“అంటే బండి ఆయిల్ తాగటం లాంటిదన్నమాట. పొగ కనపడ్డాకే ఓనర్ షెడ్డుకి తెస్తాడు. పొగ వచ్చేసరికే రింగులు అరిగిపోయుంటాయి. ఇంజను బోరుకొచ్చేసుంటుంది.”

“ముందే తెలియాలంటే?”

“కడ్డీ తీసి ఆయిల్ చూడాలి. ఎన్ని కిలోమీటర్లకి ఎంత పోశాడో రాసుకోవాలి. రాసుకునే డ్రైవరు వందకొకడు.”

నేను అరగంట చెప్పిందాన్ని ఆయన మూడు ముక్కల్లో తేల్చేశాడు.

*

ఇక ఆ 126 సంగతి. నాన్న పరగడుపు చక్కెర 2013లో 104. 2017లో 118. 2019లో 124. ఆ 124 చూసి ఒకాయన “షుగర్ లేదు, ఎంజాయ్ చేయండి” అన్నాట్ట. నాన్న ఆ మాటని చాలా రోజులు సంతోషంగా చెప్పుకున్నాడు. 2020లో 131. షుగర్ ‘వచ్చింది’.

ఈ హద్దు కూడా ఎప్పటికీ ఒకేచోట లేదు. 1997 దాకా 140 ఉండేది. ఆ ఏడాది అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ దాన్ని 126కి దించింది. అంటే 130 ఉన్న మనిషి ముందురోజు రాత్రి షుగర్ లేకుండా పడుకుని తెల్లారి షుగర్‌తో లేచాడు. ఒంట్లో ఏమీ మారలేదు. అలాగని అది ఎవరో తోచినట్టు గీసిన గీత కాదు. వేల మంది కంటి రెటీనాలు పరీక్షించారు. ఏ అంకె దాటాక షుగర్ వల్ల వచ్చే రెటీనా దెబ్బలు బాగా ఎక్కువవుతున్నాయో చూశారు. గీత అక్కడ గీశారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి 6.5 అన్న గీతా ఇదే రకం ఆధారం మీద వచ్చింది. చక్కెర ఎర్రరక్తకణాలకి అంటుకుంటుంది, ఆ కణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి అది మూడు నెలల కథ చెబుతుంది. రక్తహీనత ఉంటే ఆ కథ కూడా తప్పుగా చెప్పొచ్చు.

కిడ్నీ డాక్టరు మార్చిలో 1.9 చూసి వెంటనే పేరు పెట్టలేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నాడు. వడపోత 60 కంటే తక్కువుండటం మూడు నెలలైనా కొనసాగితేనే దాన్ని క్రానిక్ అనాలట. బీపీ కూడా ఒక్కరోజు కొలతతో చెప్పరు, వేరే వేరే రోజుల్లో చూడాలి. షుగర్ లక్షణాలు లేనివాళ్ళకి పరీక్ష ఇంకోసారి చెయ్యాలి. ఈ జబ్బులన్నిటిలో కాలం ఒక భాగం. ఒక్క కాగితం చాలదు. నేను ఒక్కో కాగితాన్ని విడిగా చూసి, ప్రతిసారీ కరెక్టుగానే చదివి, మొత్తంగా తప్పు చదివాను.

మూత్రంలో అల్బుమిన్ ఎంత పోతోందో చెప్పే పరీక్ష ఒకటుంది. చవకైనది. చాలామంది షుగర్ మనుషుల్లో కిడ్నీ దెబ్బ మొదట అందులోనే కనపడుతుంది. నాన్న ఫైలంతా వెతికాను. పదేళ్ళలో ఒక్కసారి కూడా చేయించలేదు. 2017 నాటి మామూలు మూత్రపరీక్షలో మాత్రం అల్బుమిన్ ఎదురుగా ‘ట్రేస్’ అని ఉంది. అది కూడా మామూలు అక్షరాల్లోనే.

*

జూన్ పరీక్షలోనూ 1.9 వచ్చింది. ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకి డాక్టరు సూటిగా జవాబు చెప్పలేదు. కంటి పరీక్షకి పంపించాడు. కంటి డాక్టరమ్మ రెటీనాలో చిన్న చిన్న రక్తపు చుక్కలున్నాయంది. షుగర్ తెలిసింది మూడేళ్ళ క్రితమేనంటే, “తెలిసింది మూడేళ్ళ క్రితం అయ్యుంటుంది” అంది. తర్వాత ఇంటికొచ్చి చదివితే 1992 నాటి పరిశోధన ఒకటి కనపడింది. రెటీనా దెబ్బల లెక్కని వెనక్కి నడిపించి చూస్తే, ఈ రకం షుగర్ నిర్ధారణ కావటానికి కనీసం నాలుగు నుంచి ఏడేళ్ళ ముందే మొదలై ఉంటుందని తేల్చారు. అత్తయ్య అడిగిన ప్రశ్ననే వాళ్ళు శాస్త్రంగా అడిగారన్నమాట. జవాబు తారీకు కాదు, అంచనా.

షుగర్ ఒకటి. బీపీ రెండోది. 2018లో మేం నవ్వేసిన బీపీ. కిడ్నీలు పాడవటానికి ఎక్కువగా కనపడే కారణాలు ఈ రెండే. తర్వాత డాక్టరు అడిగాడు:

“నొప్పి బిళ్ళలేమైనా వాడతారా?”

నాన్న మోకాళ్ళు పట్టుకుపోయి నాలుగేళ్ళయింది. డైక్లోఫెనాక్ రోజుకొకటి, చలికాలం రెండు. ఈ రకం బిళ్ళలు నొప్పిని ఆపే దారిలోనే కిడ్నీకి రక్తం తీసుకెళ్ళే సన్న నాళాల్ని తెరిచి ఉంచే రసాయనాల్నీ ఆపేస్తాయి. కుర్రాడు రెండ్రోజులు వేసుకుంటే ఏం కాకపోవచ్చు. షుగరూ బీపీ ఉన్న అరవై దాటిన మనిషి ఏళ్ళ తరబడి రోజూ వేసుకోవటం వేరు.

ఆ బిళ్ళలు తెప్పించింది నేనే. హైదరాబాదులో కూర్చుని ఫోన్లో ఆర్డరు పెట్టేవాణ్ణి. మూడు నెలలకి సరిపడా ఒకేసారి. నాన్న దగ్గర లేని లోటుకి నేను చేసే సేవ అది. తొందరగా అయిపోతున్నాయంటే పదిహేను స్ట్రిప్పులు పంపిన రోజు కూడా ఉంది. డాక్టరు ముందు ఆ మాట చెప్పటానికి నాకు గొంతు పెగల్లేదు. నాన్నే చెప్పాడు: “మందుల షాపులో కొనుక్కునేవాణ్ణండి.”

“దీంట్లో ఏది ఎంత చేసిందో చెప్పగలరా?” అని నేనడిగాను. చెప్పలేమన్నాడు. ఇక ముందు బిళ్ళలు మానేసి, బీపీ, షుగర్ అదుపులో పెట్టి, ఉప్పు తగ్గిస్తే ఉన్నదాన్ని చాలాకాలం నిలబెట్టుకోవచ్చన్నాడు. ఆవకాయ దగ్గర మాత్రం నాన్న బేరమాడాడు. ఆదివారం ఒక్క ముక్కకి ఒప్పందం కుదిరింది.

*

ఆ రోజు వెయిటింగ్ హాల్లో మా పక్కన ఎ.కొండూరు మండలం తండా నుంచి వచ్చినాయన ఉన్నాడు. నలభై దాటి ఉండవు. మా పటమట, ఆ తండా, రెండూ ఎన్టీఆర్ జిల్లాలోవే. మామూలుగా మాటలు కలిశాయి. ఆయనకి షుగర్ లేదు, బీపీ మొదట్లో లేదట. పొలం పని. “మా తండాలో చాలామందికి ఇదే పెద్దాయనా” అన్నాడు నాన్నతో. “నీళ్ళు అంటారు. ఇంకేదో అంటారు.”

ఎ.కొండూరు తండాల్లో, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏళ్ళ తరబడి మనుషులు ఈ జబ్బుతో పోతున్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లో కూడా ఇలాంటిదే ఉంది. నీళ్ళు, పురుగుమందులు, ఎండలో నీళ్ళు చాలక చేసే గొడ్డుచాకిరీ, ఇలా చాలావాటి మీద అనుమానాలున్నాయి. ఇదీ అని తేలింది లేదు. డాక్టర్లు పెట్టిన పేరులోనే ‘కారణం తెలియని’ అన్న మాటుంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి.

మా నాన్న జబ్బుకి మూడు కారణాలు దొరికాయి, ఒక్కదాన్ని కూడా పట్టించుకోలేదు. ఆయన జబ్బుకి కారణమే దొరకలేదు. నాన్న చేతిలో పదేళ్ళ ఫైలుంది. ఆయన చేతిలో ఉన్నది ఆ నెల తీసిన రెండు కాగితాలు. మొదటి పరీక్షే వాంతులు మొదలయ్యాక చేయించాడట. వచ్చేటప్పుడు బస్సులో నాన్న చాలాసేపు మాట్లాడలేదు. బెంజి సర్కిల్లో దిగుతూ, “ఆ అబ్బాయికి ఎవరైనా ముందు చూసుంటే బాగుండేది” అన్నాడు. తన గురించి ఒక్కముక్క అనలేదు.

*

సూసన్ సాంటాగ్ 1978లో జబ్బుల గురించి పుస్తకం రాసినప్పుడు ఆవిడ పట్టించుకున్నవి ముఖ్యంగా క్షయ, క్యాన్సర్. వాటిచుట్టూ అల్లిన కథలు రోగిని ఇంకా బాధిస్తాయన్నది ఆవిడ వాదన. మన దగ్గర ఆ కథలకి లోటు లేదు. ప్రేమాభిషేకంలో నాయకుడికి క్యాన్సర్. గీతాంజలిలో ఇద్దరికీ చావు ముంచుకొస్తూ ఉంటుంది. షుగరున్న నాయకుడు మాత్రం నాకు గుర్తు రావట్లేదు. మన సినిమాల్లో షుగరున్న మనిషి దొంగచాటుగా లడ్డూ తింటూ దొరికిపోయే కామెడీ పాత్ర.

అలా ఎందుకో ఇప్పుడు కొంత అర్థమవుతోంది. కథకి ఒక సంఘటన కావాలి. రక్తం కక్కుకోవాలి, స్పృహ తప్పాలి, రిపోర్టు చేతిలోంచి జారిపడాలి. 0.9 నుంచి 1.1కి వెళ్ళటంలో ఏ సంఘటనా లేదు. దాన్ని సీనుగా తియ్యలేం. సాంటాగ్ కథల బరువు గురించి బాధపడింది. ఇక్కడ కథే లేకపోవటం వల్ల మా ఇంట్లో ఎవరం అటు చూడలేదు.

2023లోనే ఐసీఎంఆర్ వాళ్ళ పెద్ద సర్వే వచ్చింది. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, ఇంకో 13.6 కోట్ల మంది హద్దుకి కాస్త ఇవతల. ఆ ఇవతల జనంలో నేనూ ఉన్నానని ఆ ఆగస్టులో తెలిసింది. హెచ్‌బీఏ1సీ 6.2. మా టీమ్‌లో ఒకడు, “నువ్వు సన్నగానే ఉంటావుగా” అన్నాడు. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యడ్కిన్ కలిసి తీయించుకున్న ఫొటో ఒకటి 2004లో లాన్సెట్‌లో అచ్చయింది. ఎత్తు, బరువుల లెక్క ఇద్దరిదీ ఒకటే, బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు యడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. సన్నగా కనపడుతూ లోపల లావుగా ఉండటం మనలో మామూలు. దానికి తోడు మూడు పూటలా తెల్లన్నం తినే డెల్టా ఇల్లు, పదకొండు గంటలు కుర్చీ, షుగరున్న తండ్రి. పరీక్ష చేయించుకోవటానికి నాకు ఇంతకంటే కారణాలు అక్కర్లేదు. అయినా చేయించింది కంపెనీవాళ్ళు.

నా రిపోర్టు మీద ఈసారి ‘నార్మల్’ అనిగానీ ‘నార్మల్ కాదు’ అనిగానీ ఏమీ రాయలేదు. తారీకు ఒక్కటే రాశాను.

*

నేను ఎక్సెల్‌లో చార్టు గీసి నాన్నకి చూపించాను. ఆయనకి నచ్చలేదు. షాపు రోజుల నాటి ఎర్ర అట్ట ఖాతాపుస్తకం ఒకటి తీశాడు. అడ్డంగా తారీకులు, నిలువుగా క్రియాటినిన్, బీపీ, షుగర్, అల్బుమిన్. పాత ఫైల్లోంచి అన్నీ ఎక్కించుకున్నాడు. ఒక పేజీ తిప్పి పైన నా పేరు రాశాడు. ఇంకో పేజీ మీద అమ్మ పేరు రాస్తుంటే, “నాకేం లేదు బాబోయ్” అని అమ్మ వంటింట్లోంచి అరిచింది.

ఈ సంక్రాంతికి నాన్న క్రియాటినిన్ 1.8. “తగ్గిందిరా!” అన్నాడు ఫోన్లో. 1.9కీ 1.8కీ తేడా ల్యాబు తేడా కూడా కావొచ్చు, దాన్ని తగ్గటం అనకూడదు, నిలబడిందనుకోవాలి అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆయనే మళ్ళీ అన్నాడు: “అంటే, పెరగలేదు. అంతే కదా?”

పండక్కి అత్తయ్య వచ్చింది. అరిసెలు ముందు పెట్టుకుని పాత ప్రశ్నే వేసింది. “ఇంతకీ నీకది ఎప్పుడొచ్చినట్టు అన్నయ్యా?”

“వచ్చిందెప్పుడో తెలీదమ్మా. చూసుకున్నది మాత్రం పోయిన మార్చిలో,” అన్నాడు నాన్న. తర్వాత ఎర్ర ఖాతా పక్కకి జరుపుతూ అడిగాడు: “నువ్వెప్పుడు చూపించుకున్నావు?”

అత్తయ్య అరిసె తుంచుతూ, “నాకే బాధా లేదుగా అన్నయ్యా” అంది.

నాన్న పెన్ను మూత తీశాడు.